గొంతు సంచి నిండుకుంది

నమోదు 1

బొమ్మల కొట్టులో పనిచేసేవాళ్ళందరూ రోజువారీ నమోదు రాయాలని బాపిరాజుగారు కొత్త నియమం పెట్టారు. కొట్టు ఆయనది. పనిచేసేవాళ్ళందరూ అంటే నేనొక్కదాన్నే. "ఇది ఎవరు చదువుతారండీ?" అని అడిగాను. "ఎవరూ చదవరమ్మాయ్, అందుకే నిజం రాస్తావు" అన్నారు. సరే, మొదటి నిజం: కిటికీల మీద చంద్రధూళి తుడిచేది నేను, తుడిచామని ఊళ్ళో చెప్పుకునేది ఆయన.

ఇవాళ వీధివైపు కిటికీ తుడుస్తుంటే సూర్యుడు ఎదురుగా ఉన్నాడు. మా గట్టుపేటలో సూర్యుడు నెత్తి మీదికి ఎప్పుడూ ఎక్కడు. అంచు పట్టుకుని ఊరి చుట్టూ దొర్లుతుంటాడు. ఏ కిటికీ తుడిచినా నెల తిరిగేలోగా అక్కడికే వచ్చి తొంగి చూస్తాడు. పెరటివైపు కిటికీ తుడిస్తే మాత్రం కింద లోయ కనిపిస్తుంది. చంద్రుడి మీద ఇంతకంటే లోతైన గుంట లేదంటారు. దాని అడుక్కి ఇంతవరకూ ఒక్క కిరణం దిగలేదు. మంచు తవ్వేది అక్కడే. మా ఆయన సూరిబాబు ఉండేదీ అక్కడే. పేరులో సూర్యుణ్ణి పెట్టుకుని ఆ చీకట్లో కూర్చున్నాడేంటే వీడు, అని మా అత్తయ్య నెలకోసారైనా అంటుంది.

మా కూతురు కిన్ని కూడా అక్కడే ఉంది. దానికి అయిదేళ్ళు దాటాయి. పుట్టింది అడుగునే.

నేను పైకి వచ్చి రెండేళ్ళయింది. మంచు పొడి గొంతులోకీ ఊపిరితిత్తుల్లోకీ దిగిందని డాక్టరు పంపేశాడు. మళ్ళీ కిందికి దిగితే నా పూచీ లేదన్నాడు. నా వెనకాలే సూరిబాబు కిన్నిని ఎత్తుకుని వచ్చారు. లోయలోంచి పైకి తెచ్చే తీగబండి తలుపు తెరుచుకుంది. ఎదురుగా అద్దంలోంచి సూర్యుడు మొహాన పడ్డాడు. పిల్ల పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని, తండ్రి మెడ పట్టుకుని, నన్ను చూడకుండానే అదే బండిలో కిందికి వెళ్ళిపోయింది.

ఈ నెలాఖరుకి మళ్ళీ వస్తోంది. ఆ తర్వాత తీగలు మార్చడానికి బండి ఏడాదిన్నర ఆపేస్తారు. ఆరేళ్ళు నిండితే లోయ పిల్లల కళ్ళు ఇక వెలుతురుకి అలవాటు పడవంటాడు డాక్టరు. అడుగున పెరిగిన నన్ను కూడా ఆ ఈడు దాటకముందే కొన్నాళ్ళు పైన ఉంచారట. ఈసారి కిన్ని కళ్ళు తెరిస్తే నా దగ్గర ఉంటుంది. తెరవకపోతే ఆ చీకటికే ఉండిపోతుంది.

అందుకని దానికోసం తెర మీద ఆడే బొమ్మ ఒకటి తీస్తున్నాను. సూర్యుడంటే భయం పోయే బొమ్మ.

నమోదు 2

నా బొమ్మలో సూర్యుడి పేరు సూర్రావు. పాలు పోసేవాడు. సైకిలెక్కి ఊరి చుట్టూ తిరుగుతాడు, ప్రతి గుమ్మం ముందూ బెల్లు కొడతాడు, ఎవరింట్లోకీ రాడు, ఎవరి మేడా ఎక్కడు. గట్టుపేట సూర్యుడి నడవడి అంతా అదే కదా. రాజుగారు చూసి మెచ్చుకుని, ఒక్క సందేహం అడిగారు.

"అమ్మాయ్, అడుగున పుట్టిన పిల్లకి పాలవాడు తెలుసా?"

"తెలీదండీ."

"నీకు?"

"మా అత్తయ్య చెప్పగా విన్నాను."

"మనం ఎవరికి ఏం చెబుతున్నామో మనకే తెలీకుండా బొమ్మలు తీస్తున్నామన్నమాట" అన్నారాయన. అన్నాక సైకిలుకి రెండో బెల్లు కూడా పెట్టమన్నారు.

గంతలు కట్టి తీసుకురావచ్చు కదా అని కూడా అడిగారు. తేవచ్చు. తెచ్చాక విప్పాలి కదా. ఊరంతా అద్దాల గోడలే. డాక్టరు మాట ఒకటే, ఎవరి కళ్ళు వాళ్ళే తెరవాలి.

గొంతుల విషయం. మా కొట్టు బొమ్మలన్నిటికీ గొంతు రాజుగారిదే. పులి ఆయనే, కుందేలు ఆయనే, రాణీగారూ ఆయనే. నా బొమ్మలో మాట్లాడేది కథ చెప్పే అమ్మ ఒక్కతే, ఆ పాత్రకి కూడా పమిట సర్దుకున్నంత పని చేశారు. వద్దన్నాను. "మరి నువ్వు చెప్పు" అన్నారు. అదీ వద్దన్నాను. మంచు పొడి తిన్న గొంతు నాది. ఎండిన కంప మీద గుడ్డ లాగినట్టుంటుంది. భయం పోగొట్టే బొమ్మలో భయపెట్టే గొంతు ఎందుకు? కిన్నికి గుర్తున్న గొంతు కూడా ఇది కాదు. అసలు దానికి నా గొంతు గుర్తుందో లేదో. కింది నుంచి తీగ మీద నాలుగు ముక్కల కబురు వస్తుంది గానీ మాట వినపడదు. రెండేళ్ళుగా నేను దానితో ఒక్క మాట మాట్లాడలేదు.

చివరికి చిట్టెమ్మ గొంతే ఉంచేశాను. చిట్టెమ్మ మా కొట్టు యంత్రం. పచ్చి బొమ్మ చూసుకునేటప్పుడు గొంతు లేని చోటల్లా తనే మాటలు చదివేస్తుంది. అమ్మ మాటలు కూడా ముద్దుగా చదివింది.

నమోదు 3

ఇవాళ తోడు వేశాను. తోడుకోలేదు.

రాజుగారు చదవరన్నారు గానీ ఎవరైనా చదివితే తెలియాలి కాబట్టి రాస్తున్నాను. పచ్చి బొమ్మలో ఆకాశం ఒక సంచిలో ఉంటుంది, సైకిలు ఒక సంచిలో, గొంతులు ఒక సంచిలో. అన్నీ విడివిడిగానే ఉంటాయి. చిట్టెమ్మ ఒళ్ళో ఉన్నంతసేపూ అది వాటిని కలిపి ఆడిస్తుంది. లోయ అడుగున ఉన్న తెర పాత కాలంది. దానికి ఇన్ని సంచులు తెలీవు. అంతా కలిసి గట్టిపడిన ఒకే ఒక్క వీడియో ఫైలు కావాలి. పుస్తకాల్లో ఈ పనిని ఎక్స్‌పోర్ట్ అన్నారు. గట్టుపేటలో తోడు వేయడం అంటాం. తోడు వేశాక గిన్నె కదపకూడదు. ఒకసారి తోడుకున్నాక అందులోంచి మళ్ళీ పాలు తీయలేం.

ఆ పేరు కూడా మా అత్తయ్య పెట్టిందే. ఊరు కడుతున్న రోజుల్లో ఆవిడ, చెల్లాయమ్మ, వంటపాకలో పనిచేసేది. యంత్రానికి తెలుగు నేర్పే తీరిక ఇంజనీర్లకు లేక ఆ పని ఆవిడకి అంటగట్టారు. కూరలు తరుగుతూ నేర్పింది. అందుకే చిట్టెమ్మకు వచ్చిన మాటలు తక్కువ, వచ్చినవన్నీ అత్తయ్యవి. దీపం ఆర్పమంటే ఆర్పి, "దీపం కొండెక్కిందమ్మా" అంటుంది. ఇక్కడ కొండ ఏదో, దీపం ఎందుకు ఎక్కాలో నాకు తెలీదు. పని ముగిస్తే "వెళ్ళొస్తానమ్మా" అంటుంది. అది గోడకి బిగించిన యంత్రం.

ఇవాళ సగం దాకా బాగానే కలిపి, ఆగిపోయింది.

"గొంతు సంచి నిండుకుందమ్మా. తోడుకోదు."

నిండుకుంటే ఏముంది, చోటు చేయాలి. శబ్దాలు పట్టి దాచుకునే మా శబ్దాల గదిలో ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్త ఉంది. వాన శబ్దాలు పదిరకాలు, ఎవరూ వాడని గేదె అరుపులు, అన్నీ తీసేశాను. రేపు మళ్ళీ వేస్తాను.

నమోదు 4

మళ్ళీ అదే మాట. గొంతు సంచి నిండుకుందమ్మా.

"ఇంకా ఎంత తీయాలి చిట్టెమ్మా?"

"మీ ఇష్టమమ్మా."

"తీస్తే తోడుకుంటుందా?"

"నిండుకుందమ్మా."

దీనితో మాట్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయం. రైలు కూతలు, పెళ్ళి బాజాలు, సముద్రం, అన్నీ పోయాయి. ఊరి మేలుకొలుపు కోడి కూత కూడా మా దగ్గరే దాచేవారు. అదెంత ఉంటుందిలే అనుకుంటూనే అదీ తీసేశాను.

నమోదు 5

అదెంత ఉంటుందో ఊరికి తెలిసింది. కోడి కూయక సగం గట్టుపేట నిద్ర లేవలేదు. బడి పంతులమ్మ కూడా లేవలేదు కాబట్టి పిల్లలు నన్ను దేవతలా చూస్తున్నారు. మిగతావాళ్ళు కొట్టు ముందు నిలబడి నా వంశం గురించి మాట్లాడారు. రాజుగారు గుమ్మంలోకి వెళ్ళి గొంతు సవరించుకుని, ఆయనే కూశారు. బాగానే కూశారు. రేపటి నుంచి కోడి పని కూడా ఆయన నెత్తిన పడింది.

ఇంత చేసినా చిట్టెమ్మ మాట మారలేదు. నిండుకుందమ్మా.

ఇంక శబ్దాల గదిలో మిగిలింది ఒకటే, రాజుగారు పాడుకున్న పద్యాలు. వయసులో ఉన్నప్పటి నుంచి పాడి దాచుకున్నారు. ఒక్కో రాగం ఊపిరి ఉన్నంతవరకూ లాగుతారు. ఎంత చోటు పడుతుందో ఊహించుకోవచ్చు. వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆయనే నా మొహం చూసి, "తియ్యమ్మాయ్" అన్నారు.

"మళ్ళీ పాడగలరా రాజుగారూ?"

"పాడతాను. పళ్ళు కొన్ని తగ్గాయి, అంతేగా. పిల్ల కంటే పద్యమా?"

తీసేశాను. తీస్తుంటే ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఆయన పద్యం ఎత్తుకుంటే చాటుగా నవ్వుకునేదాన్ని.

తోడు వేశాను.

"గొంతు సంచి నిండుకుందమ్మా" అంది చిట్టెమ్మ, ఎప్పటిలాగే ఆప్యాయంగా.

నమోదు 6

సూరిబాబు దగ్గర నుంచి తీగ కబురు: "పిల్ల రానంటోంది. సూర్యుడు అంటే చాలు మంచం కింద దూరుతోంది. బొమ్మ ఏమైంది? రేపటి బండిలో రాకపోతే చూపించే వ్యవధి ఉండదు. ఏడిపించి మాత్రం తీసుకురాను వేణీ. కిందటిసారి ఏడిపించిందే చాలు."

ఆయన తప్పు లేదు. రెండుసార్లు చదివి, మనిషి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. "బొమ్మ రేపు దిగుతుంది" అని తిరుగు కబురు పంపాను. ఎలా దిగుతుందో మాత్రం తెలీదు.

రాజుగారు శబ్దాల గదిలో దూరి, తలుపు మీద ఎర్ర దీపం వేసుకుని, పోయిన పద్యాలు మొదటి నుంచి పాడుతున్నారు. ఇప్పుడే దాచద్దండీ, బొమ్మ తోడుకున్నాక దాచుకోండి అన్నాను. "దాచట్లేదు, సాధన చేస్తున్నాను" అన్నారు. ఎర్ర దీపం వెలిగితే ఆ తలుపు తెరవకూడదని నియమం. ఆయన పెట్టిందే.

నమోదు 7

బండి కిందికి దిగేది ఇవాళే, మధ్యాహ్న భోజనాలు అయ్యాక. పొద్దున్నే ఇంకోసారి తోడు వేశాను, నిండుకుందట. ఇంక తీయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇంటికి వచ్చి వంటగది గుమ్మంలో చతికిలబడ్డాను.

అత్తయ్యకి మోకాలు పట్టేసింది. ఊరి సరుకుల గదికి ఎప్పుడూ తనే వెళ్ళేది, నన్ను వెళ్ళనిచ్చేది కాదు. ఇవాళ కుదరక నాకు చెప్పింది.

"వేణీ, కందిపప్పు నిండుకుందే. ఓ అడుగు వేసి పట్రా."

"నిండుకుంటే మళ్ళీ ఎందుకండీ, ఎక్కడ పోస్తారు?" అన్నాను. ఒంట్లో ఓపిక లేక అన్న మాట అది.

"ఏంటే, ఎటకారమా?"

"ఎటకారం కాదండీ. డబ్బా నిండుగా ఉందంటున్నారు కదా."

"నిండుగా ఉంటే నిన్నెందుకే తెమ్మంటాను? గింజ లేదు కాబట్టి తెమ్మంటన్నాను." ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "పప్పు, ఉప్పు, బియ్యం ఇలాంటివి ఇంట్లో అయిపోయాయనీ లేవనీ అనకూడదే. తథాస్తు దేవతలు తిరుగుతా ఉంటారు. నిండుకుంది అనాలి. మీ అమ్మ చెప్పలేదా?"

"మా అమ్మ అడుగున కొళాయి తిప్పి గంజి పట్టి పెంచిందండీ. మాకు అయిపోవడమంటే తెలీదు."

అంటూ ఉండగానే విషయం తట్టింది. లేచి నిలబడ్డాను.

"అత్తయ్యా, చిట్టెమ్మకి కూడా ఇలాగే నేర్పారా?"

"నేర్పకేం? దాని నోట్లో లేదు అన్న మాటే రాకూడదని ఒట్టు వేయించాను. ఆడపిల్ల కదా."

పది రకాల వానలు, పెళ్ళి బాజాలు, సముద్రం, కోడి, రాజుగారి యవ్వనం, అంతా అవతల పారబోశాను. గొంతు సంచి నిండిపోలేదు. అందులో ఏమీ లేదు. పచ్చి బొమ్మ చూసుకోవడానికి చిట్టెమ్మ తన గొంతు అరువిచ్చింది గానీ, అరువు గొంతు సంచిలో ఉన్నట్టు కాదు. అమ్మ గొంతు పోయమ్మా అని అది అన్ని రోజులుగా మర్యాదగా అడుగుతోంది. మర్యాద ఎక్కువైతే ఇంతే.

నవ్వొచ్చింది, వెంటనే భయం పట్టుకుంది. అమ్మ గొంతు ఎవరిది పోయాలి? వెతకడానికి వ్యవధి లేదు. రాజుగారు ఎర్ర దీపం వెనకాల ఉన్నారు. ఇంక నేనే.

నమోదు 8

అదే రోజు. బండి వెళ్ళాక రాస్తున్నాను.

పక్కింటి నుంచి పప్పు అప్పు తెచ్చి అత్తయ్యకిచ్చి, చేతి మైకు పట్టుకుని వంటింటి గోడవార కూర్చున్నాను. మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క గదే. మొదటిసారి చెప్పినప్పుడు దగ్గు వచ్చింది. రెండోసారి బడి పంతులమ్మలా చెప్పాను. మూడోసారి కళ్ళు మూసుకుని, కిన్ని నా ఒళ్ళో ఉన్నట్టు అనుకుని చెప్పాను. సూర్రావు అరిచేవాడు కాదమ్మా, బెల్లు కొట్టి తన దారిన తను పోయేవాడు. బాగానే వస్తోంది. బొంగురుగానే ఉంది గానీ అది నేనే.

"కిన్నీ, కళ్ళు తెరువమ్మా. నేను ఇక్కడే ఉన్నాను" అన్నాను. ఇది ఆఖరి మాట, బొమ్మ మొత్తంలో ముఖ్యమైన మాట.

కుక్కరు కూసింది. గట్టుపేటలో గాలి పల్చన. కుక్కరు లేకుండా పప్పు ఎంతసేపు ఉంచినా పలుకే. అందుకని మా కుక్కర్లు గట్టివి, వాటి కూతలు ఇంకా గట్టివి.

"అత్తయ్యా, ఆ కుక్కరు కట్టెయ్యండి బాబూ" అన్నాను.

"ఇంకో కూత రానీవే. పప్పు ఉడకద్దా?"

ఇంకో కూత వచ్చింది. కుక్కరు కట్టేసింది. ఆఖరి మాట మళ్ళీ శుభ్రంగా చెప్పి, కొట్టుకి పరిగెత్తాను. ఇక్కడ పరుగు అంటే సగం గెంతడమే. దారిలో ఇద్దరిని దాటానో, ఇద్దరి మీదుగా దాటానో గుర్తులేదు.

"చిట్టెమ్మా, గొంతు సంచిలో పోస్తున్నాను. చివర చెప్పింది తీసుకో, మిగతాది వదిలెయ్."

"మంచిదమ్మా."

ఈసారి ఎక్కడా ఆగలేదు. నేను గిన్నె కదపకుండా, ఊపిరి కూడా గట్టిగా తీయకుండా కూర్చున్నాను. శబ్దాల గదిలోంచి రాజుగారి రాగం వస్తూనే ఉంది.

"తోడుకుందమ్మా" అంది చిట్టెమ్మ. దాన్ని ముద్దు పెట్టుకున్నాను. గోడకి బిగించిన యంత్రమని నేనే రాశాను కదా, అయినా పెట్టుకున్నాను.

ఫైలు చేతిలోకి తీసుకుని బండికి వెళ్ళే ముందు చివరి భాగం ఒకసారి చూద్దామనిపించింది. చూడకపోయినా బాగుండేది.

సూర్రావు సైకిలు దిగాడు. బెల్లు కొట్టాడు. బొమ్మలో అమ్మ, "కిన్నీ, కళ్ళు తెరువమ్మా. నేను ఇక్కడే ఉన్నాను" అంది. కుక్కరు కూసింది. అమ్మ సూర్రావు వైపు తిరిగి, "అత్తయ్యా, ఆ కుక్కరు కట్టెయ్యండి బాబూ" అంది. సూర్రావు మెరుస్తున్న బుగ్గలతో, మా అత్తయ్య గొంతుతో, "ఇంకో కూత రానీవే. పప్పు ఉడకద్దా?" అన్నాడు. మాట వినపడితే నోరు కదిలించడం చిట్టెమ్మ పని. అమ్మ కాకుండా అక్కడ ఉన్న మనిషి సూర్రావే కాబట్టి ఆ మాట ఆయనకిచ్చింది.

"ఇదేంటి చిట్టెమ్మా, చివరిది తీసుకోమన్నాను కదా."

"నిండుకున్న సంచి కదమ్మా. ఉన్నదంతా పోసేశాను. పారబోస్తే కళ్ళు పోతాయి."

మళ్ళీ తోడు వేయడానికి వ్యవధి లేదు. బండి గంట కొట్టారు. తోడుకున్నదాన్ని విడదీయలేం. పంపాలా, మానాలా? ఇదివరకే భయపడుతున్న పిల్లకి, సూర్యుడు పప్పు ఉడకబెట్టే బొమ్మ పంపుతానా? పంపకపోతే అదీ ఉండదు.

పంపాను. బండి తలుపు మూసుకున్నాక అక్కడే నిలబడి అత్తయ్యని, కుక్కరుని, చిట్టెమ్మని, చివరికి కందిపప్పుని కూడా తిట్టుకున్నాను. ఏం తిట్టినా అసలు తిట్టాల్సింది ఎవరినో నాకు తెలుసు. నా గొంతు నేను ముందే పోసి ఉంటే ఈ పాట్లే లేవు.

నమోదు 9

జరిగింది అత్తయ్యకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ మోకాలు రుద్దుకుంటూ, "అయితే సూర్యనారాయణమూర్తికి నా గొంతు వచ్చిందన్నమాట" అంది. అప్పటి నుంచి ఇరుగుపొరుగు అందరికీ చెబుతోంది. మోకాలి నొప్పి కూడా తగ్గింది.

రాజుగారికి చెప్పడం కష్టమైంది. పద్యాలు తీయాల్సిన పనే లేదని విని, లేచి వెళ్ళి ఎర్ర దీపం ఆర్పేశారు. తర్వాత, "పోనీలే. పాతవాటిల్లో శ్రుతి లేదని నాకూ తెలుసు, ఎవరూ చెప్పరు గదా" అన్నారు. కోడి కూత మాత్రం ఇంక ఆయనదే అయిపోయింది. ఊరికి అలవాటైపోయింది, చివర చిన్న గమకం కూడా వేస్తున్నారు.

సూరిబాబు కబురు: "బొమ్మ చూసింది. మళ్ళీ వేయమంది. రోజంతా అదే వేయిస్తోంది. వస్తానని గానీ రానని గానీ చెప్పడం లేదు. ఎక్కించి తీసుకొస్తున్నాను. తర్వాత దాని ఇష్టం."

కుక్కరు గురించి ఏమైనా అందా అని అడుగుదామనుకుని, సిగ్గేసి మానేశాను.

నమోదు 10

బండి వచ్చే వేళకి నేనూ అత్తయ్యా వెళ్ళి నిలబడ్డాం. రాజుగారు కొంచెం వెనకాల నిలబడ్డారు, తనకేమీ పట్టనట్టు. సూర్యుడు సరిగ్గా ఎదుటి అద్దంలోకి వచ్చి కూర్చున్నాడు. ఆ ఒక్క పూటా కాస్త ఆలస్యంగా దొర్లితే ఆయన సొమ్మేం పోయేది?

తలుపు తెరుచుకుంది. సూరిబాబు చిక్కిపోయారు. కిన్ని ఎంత పొడుగైందో. రెండు కాళ్ళూ ఆయన నడుము చుట్టూ వేలాడుతున్నాయి. మొహం మాత్రం తండ్రి మెడలో దాచేసుకుంది. కేక పెట్టలేదు, అదొక్కటే తేడా.

ఎదురెళ్ళి చెప్పాల్సిన మాటలు ఇంటి దగ్గర నేర్చుకుని వచ్చాను. దగ్గరికి వెళ్ళాక ఒక్కటీ మిగల్లేదు. "కిన్నీ, కళ్ళు తెరువమ్మా" అన్నాను. ఏడుపు అడ్డుపడి అది గొంతులా కూడా లేదు. పిల్ల ఇంకొంచెం ముడుచుకుంది.

"కిన్నీ, నేనమ్మా."

కదల్లేదు. సూరిబాబు నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. బండి మనిషి గంట మీద చెయ్యి వేశాడు. వేసి, కొట్టకుండా అటువైపు తిరిగి నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడతాడు పాపం.

నా వెనకాల అత్తయ్య గట్టిగా ముక్కు చీదింది. ఏం మాట్లాడాలో తెలీనప్పుడు అలవాటైన మాటే నోటికొస్తుంది కదా.

"అత్తయ్యా, ఆ కుక్కరు కట్టెయ్యండి బాబూ" అన్నాను.

సూరిబాబు మెడ దగ్గర నుంచి సన్నగా ఒక గొంతు వచ్చింది.

"ఇంకో కూత రానీవే."

అత్తయ్య ముక్కు చీదడం ఆపేసింది.

"పప్పు ఉడకద్దా?" అంటూ కిన్ని ఒక కన్ను తెరిచింది. కాసేపటికి రెండోది. బొటబొటా నీళ్ళు కారుతున్నాయి, అయినా మూయలేదు. సూర్యుడి వైపు చూడనే లేదు. నా మొహం చూసింది, నా చేతులు చూసింది, వంగి నా వెనక అత్తయ్య చేతులు కూడా చూసింది.

"కుక్కరేది?" అంది.

"ఇంట్లో ఉంది" అన్నాను.

తండ్రి మెడ వదిలేసి కిందికి దిగింది.